వడ్డీ లెక్కలో తప్పిపోయే ఆ ఒక్క రోజు

పుదుచ్చేరి: పట్టణంలోని నటేశన్ నగర్‌లో నివసించే ఒక ఉద్యోగి కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంటి బీరువాలో మూడు పాసు పుస్తకాలు ఉన్నాయి. ఒకటి బ్యాంకు పొదుపు ఖాతాది, రెండవది తపాలా కార్యాలయ పొదుపు ఖాతాది, మూడవది ప్రజా భవిష్య నిధిది. ముప్పై రోజుల నెలలో 11వ తేదీన ఆ కుటుంబం చేతికి 50 వేల రూపాయలు వచ్చాయి. పొదుపు ఖాతాలపై వడ్డీ ఏడాదికి 4 శాతం అనుకుంటే, బ్యాంకులో వేసిన పక్షంలో ఆ నెలకు 20 రోజుల వడ్డీగా 109 రూపాయల 59 పైసలు జమకు అర్హత పొందుతాయి. అదే సొమ్మును తపాలా ఖాతాలో వేస్తే ఆ నెలకు దక్కే వడ్డీ సున్నా. ఒక్క రోజు ముందు, అంటే 10వ తేదీన, తపాలా ఖాతాలో వేసి నెలాఖరు వరకు కదపకుండా ఉంచినట్లయితే పూర్తి నెల వడ్డీ 166 రూపాయల 67 పైసలు వచ్చి ఉండేది.

సొమ్ము ఒక్కటే, వడ్డీ రేటూ ఒక్కటే. తేడా అంతా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్క పెట్టారన్న దానిలోనే ఉన్నది. నేడు ఈ లెక్కను గుమాస్తా చేయడం లేదు, కంప్యూటర్ చేస్తున్నది. రెండు తేదీల మధ్య గల ప్రతి రోజునూ వరుసగా తాకుతూ పోవడం ప్రోగ్రాము రాసే వారికి తొలి పాఠాలలో ఒకటి. అయినప్పటికీ అనుభవజ్ఞులు సైతం పొరబడే చోటు కూడా అదే.

2010కి ముందు, ఆ తర్వాత

దేశంలోని వాణిజ్య బ్యాంకులు పొదుపు ఖాతాలపై ప్రతి రోజూ వడ్డీ లెక్కించడం మొదలుపెట్టి ఎంతో కాలం కాలేదు. 2010 మార్చి 31 వరకు అమలులో ఉన్న పద్ధతి వేరు. ప్రతి నెలా 10వ తేదీ నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న నిల్వలలో ఏది కనిష్ఠమో దానికే ఆ నెల వడ్డీ చెల్లించేవారు. రిజర్వు బ్యాంకు 2009 ఏప్రిల్‌లో తన వార్షిక విధాన ప్రకటనలో ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని ప్రతిపాదించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వల ప్రాతిపదిక అమలులోకి వచ్చింది.

ఈ మార్పు ఖాతాదారునికి ఎంత మేలు చేసిందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ముప్పై రోజుల నెలలో ఒకరి ఖాతాలో 29 రోజుల పాటు లక్ష రూపాయలు ఉన్నాయనుకుందాం. 30వ తేదీన 99 వేలు తీసుకోగా వెయ్యి రూపాయలు మిగిలాయి. నాటి 3.5 శాతం రేటు ప్రకారం, పాత పద్ధతిలో వెయ్యి రూపాయలకే లెక్క కట్టి 2 రూపాయల 92 పైసలు ఇచ్చేవారు. కొత్త పద్ధతిలో ప్రతి రోజు నిల్వనూ కూడితే 29 లక్షల వెయ్యి అవుతుంది. దానిని రేటుతో గుణించి 365తో భాగిస్తే 278 రూపాయల 18 పైసలు వస్తాయి. ఒక్కనాటి ఉపసంహరణ ఇరవై తొమ్మిది రోజుల వడ్డీని మింగివేసే దుస్థితి ఆ విధంగా తొలగింది.

పాత పద్ధతి అంతకాలం కొనసాగడానికి ఒక ఆచరణాత్మక కారణం ఉన్నది. లావుపాటి లెడ్జర్లలో చేతితో లెక్కలు రాసిన రోజులలో ప్రతి ఖాతాకూ ప్రతి రోజు నిల్వను కూడడం సాధ్యమయ్యే పని కాదు. సి.రంగరాజన్ నాయకత్వంలోని కమిటీలు 1984లోనూ, 1989లోనూ ఇచ్చిన నివేదికలతో బ్యాంకులలో యంత్రీకరణ, కంప్యూటరీకరణ ఊపందుకున్నాయి. శాఖలన్నీ ఒకే కేంద్ర వ్యవస్థతో అనుసంధానమైన తర్వాతనే రోజువారీ లెక్క ఆచరణలోకి రాగలిగింది. పొదుపు ఖాతాల వడ్డీ రేటు 2011 మే 3న 4 శాతానికి పెరిగింది. అదే ఏడాది అక్టోబరు 25 నుంచి రేటును నిర్ణయించుకునే స్వేచ్ఛ బ్యాంకులకే లభించింది.

తపాలా పొదుపు ఖాతాకు మాత్రం 10వ తేదీ నిబంధన నేటికీ ఉన్నది. ప్రజా భవిష్య నిధి ఖాతాలో 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు వరకు గల కనిష్ఠ నిల్వనే పరిగణిస్తారు. 2020 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన 7.1 శాతం రేటు ప్రకారం చూస్తే, లక్షన్నర రూపాయలను ఏప్రిల్ 5న కాక 6న జమ చేసిన వ్యక్తి నష్టపోయే ఒక నెల వడ్డీ 887 రూపాయల 50 పైసలు.

యంత్రం ఎలా లెక్కిస్తుంది?

రోజువారీ వడ్డీకి ప్రోగ్రాము చేసే పని వినడానికి అతి సులభం. మొదటి తేదీని తీసుకోవాలి. ఆ రోజు ముగింపు నిల్వను మొత్తానికి కలపాలి. ఒక రోజు ముందుకు జరగాలి. చివరి తేదీ దాటిందేమో చూడాలి. దాటకపోతే మళ్ళీ అదే పని చేయాలి. ఈ ఆవృత్తినే ప్రోగ్రామర్లు లూప్ అంటారు.

తొలి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. లావాదేవీలు జరిగిన రోజులను మాత్రమే తాకుతూ పోతే లెక్క తప్పుతుంది. నెలలో జమ ఒకసారి, చెల్లింపు ఒకసారి జరిగిన ఖాతాకు పుస్తకంలో రెండే పంక్తులు ఉంటాయి. కాని వడ్డీ ముప్పై రోజులకూ రావాలి. ఆదివారం నాడు, పండుగ నాడు ఎవరూ బ్యాంకు గడప తొక్కకపోయినా ఖాతాలో సొమ్ము ఉన్నట్లే లెక్క. కాబట్టి ప్రోగ్రాము నడవవలసింది లావాదేవీల వెంట కాదు, క్యాలెండర్ వెంట. పంక్తి లేని రోజుకు ముందు రోజు నిల్వనే కొనసాగించాలి.

రెండవ పొరపాటు గడియారం వల్ల వస్తుంది. చాలా కంప్యూటర్ వ్యవస్థలు సమయాన్ని గ్రీన్విచ్ కాలమానానికి సమానమైన ప్రపంచ ప్రమాణ కాలంలో దాచుకుంటాయి. భారత కాలమానం దానికంటే ఐదున్నర గంటలు ముందు ఉన్నది. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 3 గంటలకు ఇక్కడ జరిగిన చెల్లింపు ఆ లెక్కలో మార్చి 31 రాత్రి 9.30 గంటలకు జరిగినట్లు నమోదవుతుంది. దానిని మన తేదీకి మార్చడం మరచిపోతే ఆ చెల్లింపు ఏకంగా గత ఆర్థిక సంవత్సరంలోకి వెళ్ళిపోతుంది.

కంచెకు ఎన్ని గుంజలు?

అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు మూడవది. పది గజాల పొడవున గజానికి ఒక గుంజ చొప్పున కంచె వేయాలంటే పది గుంజలు చాలవు, పదకొండు కావాలి. నడుమ ఉన్న ఖాళీలు పది, వాటి కొసలు పదకొండు. తేదీల లెక్కలోనూ ఇదే చిక్కు. 30లో నుంచి 1 తీసివేస్తే 29 వస్తుంది. కాని 1 నుంచి 30 వరకు గల రోజులు 30.

పుదుచ్చేరి చరిత్రలోని రెండు ప్రధాన తేదీలకు ఈ ప్రశ్న వేసి చూడవచ్చు. ఫ్రెంచి పాలనలోని ఈ ప్రాంతం 1954 నవంబరు 1న వాస్తవంగా భారత్ ఆధీనంలోకి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. ఒక తేదీ నుంచి మరొక తేదీని తీసివేస్తే 2,845 రోజులు. మొదటి రోజునూ చివరి రోజునూ కూడా కలుపుకుంటే 2,846. రెండూ సరైన జవాబులే. ప్రశ్న ఏమిటన్నది ముందుగా తేల్చుకోకపోవడమే తప్పు.

కంప్యూటర్ భాషలు కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయంతో లేవు. పైథాన్ భాషలోని రేంజ్ అనే సాధనం మొదటి అంకెను కలుపుకుని చివరి అంకెను వదిలివేస్తుంది. సమాచార నిధుల నుంచి వివరాలు రాబట్టే ఎస్‌క్యూఎల్ భాషలోని బిట్వీన్ అనే మాట రెండు కొసలనూ కలుపుకుంటుంది. పైగా తేదీతో పాటు గంటలూ నిమిషాలూ నమోదైన చోట, ఏప్రిల్ 30 వరకు అని అడిగితే ఆ రోజు మొదలైన అర్ధరాత్రి వరకు మాత్రమే అని యంత్రం అర్థం చేసుకోవచ్చు. ఫలితంగా 30వ తేదీ పగలంతా జరిగిన లావాదేవీలు జాబితాలో కనిపించవు. అందుచేత మొదటి రోజును కలుపుకుని, ముగింపుగా మే 1 అని రాసి, దానిని మినహాయించే పద్ధతిని పలువురు ప్రోగ్రామర్లు ఇష్టపడతారు. అలా చేసినప్పుడు ఏప్రిల్, మే నెలల లెక్కలు అతుకు లేకుండా కలుస్తాయి. ఏ రోజూ రెండుసార్లు లెక్కకు రాదు, ఏ రోజూ జారిపోదు.

ఒక్క రోజే కదా అని తేలికగా తీసుకోవడానికి వీలు లేదు. లక్ష రూపాయల నిల్వపై 4 శాతం చొప్పున ఒక రోజు వడ్డీ 10 రూపాయల 96 పైసలు. అటువంటి ఖాతాలు కోటి ఉన్న వ్యవస్థలో ఏడాదికి ఒక రోజు జారిపోతే ఖాతాదారులు నష్టపోయే మొత్తం 10 కోట్ల 95 లక్షల రూపాయల పైచిలుకు. విడివిడిగా చూస్తే ఆ పదకొండు రూపాయల కోసం ఫిర్యాదు చేసేవారు అరుదు.

గవ్వలతో గణితం

రోజులను వరుసగా లెక్కించే విద్య కంప్యూటర్‌తో పుట్టినది కాదు. పంచాంగకర్తలు దానిని అహర్గణం అంటారు. క్రీస్తు పూర్వం 3102 ఫిబ్రవరి 18న కలియుగం ఆరంభమైనట్లు గ్రహించి, నాటి నుంచి కోరిన దినం వరకు గడచిన రోజుల సంఖ్యను కట్టడమే అహర్గణం. నెలల పొడవులతో, అధిక మాసాలతో నిమిత్తం లేకుండా ఏ రోజుకైనా ఒకే ఒక సంఖ్య ఉంటుంది. నేటి కంప్యూటర్లు అనుసరిస్తున్నది కూడా ఈ మార్గాన్నే. యూనిక్స్ వ్యవస్థలు 1970 జనవరి 1ని ఆదిగా తీసుకుని కాలాన్ని లెక్కిస్తాయి. తేదీని సంఖ్యగా మార్చి, ఒకటి కలిపి, తిరిగి తేదీగా మార్చడమే ఒక రోజు ముందుకు జరగడం.

ఈ సంప్రదాయ గణితానికి పుదుచ్చేరితో సంబంధం ఉన్నది. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన జాన్ వారెన్ దక్షిణ భారతంలోని కాలగణన పద్ధతులపై 'కాలసంకలిత' అనే బృహత్ గ్రంథాన్ని 1825లో మద్రాసులో అచ్చు వేయించాడు. పుదుచ్చేరిలో ఆయనకు ఒక తమిళ పంచాంగకర్త పరిచయమయ్యాడు. ఆ గణకుడు కాగితం, కలం లేకుండా గవ్వలను నేలపై పేర్చుతూ, కంఠస్థం చేసిన పట్టికల సాయంతో 1825లో రానున్న చంద్రగ్రహణ కాలాన్ని కట్టి చూపాడు. గణిత శాస్త్ర చరిత్రకారులు ఈ ఉదంతాన్ని నేటికీ ఉదహరిస్తారు.

అహర్గణం కట్టిన తర్వాత పంచాంగకర్తలు ఒక సరిచూపు చేసేవారు. వచ్చిన సంఖ్యను ఏడుతో భాగించి శేషాన్ని బట్టి వారం చూసేవారు. ఆనాటి వారంతో అది సరిపోలకపోతే ఒక రోజు కలిపేవారు, లేదా తీసివేసేవారు. ఒక్క రోజు తేడా వచ్చే అవకాశం ఉన్నదని శతాబ్దాల కిందటే గుర్తించి, దానిని పట్టుకునే ఉపాయాన్ని కూడా లెక్కలోనే ఇమిడ్చారు. పైన చెప్పిన పుదుచ్చేరి తేదీలకూ ఈ సరిచూపు పనిచేస్తుంది. 2,845ను ఏడుతో భాగిస్తే శేషం మూడు. 1954 నవంబరు 1 సోమవారం. మూడు రోజులు కలిపితే గురువారం. 1962 ఆగస్టు 16 గురువారమే.

ఆగిపోయిన యంత్రాలు

సరిచూపు లేకపోతే ఏమవుతుందో 2008 డిసెంబరు 31న ప్రపంచం చూసింది. మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన జూన్ అనే సంగీత పరికరంలో 30 గిగాబైట్ల నమూనా ఆ రోజు ఎక్కడికక్కడ స్తంభించిపోయింది. గడచిన మొత్తం రోజుల నుంచి ఏడాదికి 365 చొప్పున, లీపు సంవత్సరమైతే 366 చొప్పున తీసివేస్తూ ఇది ఏ సంవత్సరమో కనుగొనే లూప్ అందులో ఉన్నది. లీపు సంవత్సరంలోని 366వ రోజున మిగిలిన సంఖ్య సరిగ్గా 366. అది 365 కంటే ఎక్కువ కావడంతో లూప్ ఆగలేదు. 366 కంటే ఎక్కువ కాకపోవడంతో తీసివేత జరగలేదు. యంత్రం అక్కడే అంతులేకుండా తిరిగింది. బ్యాటరీ అయిపోయి, మరునాడు జనవరి 1 వచ్చాక గాని పరికరాలు మామూలు స్థితికి రాలేదు.

నెల అంటే ఎన్ని రోజులు?

రోజులను దాటి నెలలకు వెళితే చిక్కు మరింత పెరుగుతుంది. జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ వస్తుంది? ఫిబ్రవరిలో 31 లేదు. భారత నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఇందుకు 1881లోనే సమాధానం చెప్పింది. సరిపోలే తేదీ లేని నెలలో చివరి రోజునే గడువుగా తీసుకోవాలి. 1878 జనవరి 29న రాసిన నెల గడువు పత్రానికి ఫిబ్రవరి 28ని ఆధారంగా తీసుకుని, దానిపై మూడు రోజులు అదనంగా ఇవ్వాలని చట్టంలోనే ఉదాహరణ ఉన్నది.

ప్రోగ్రాములో మరొక జాగ్రత్త అవసరం. జనవరి 31 నుంచి ఫిబ్రవరి 28కి వచ్చి, అక్కడి నుంచి మరో నెల కలిపితే మార్చి 28 వస్తుంది. నెలాఖరున కట్టవలసిన వాయిదా అప్పటి నుంచి శాశ్వతంగా 28కి జారిపోతుంది. ప్రతిసారీ తొలి తేదీ నుంచే ఒకటి, రెండు, మూడు నెలలు అని లెక్కిస్తే ఈ జారుడు ఉండదు.

నెలల గడువుపై పుదుచ్చేరి ప్రజల పౌరసత్వమే ఆధారపడిన సందర్భం ఉన్నది. 1956 మే 28న సంతకాలు జరిగిన భారత్-ఫ్రాన్స్ ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చింది. ఇక్కడ పుట్టి ఇక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారని, ఫ్రెంచి జాతీయతనే ఉంచుకోదలచిన వారు ఆరు నెలలలోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలని అందులో ఉన్నది. నెలకు 30 రోజుల చొప్పున ఆరు నెలలంటే 180 రోజులు. క్యాలెండర్ ప్రకారం 1962 ఆగస్టు 16కూ 1963 ఫిబ్రవరి 16కూ మధ్య దూరం 184 రోజులు. ఆ నాలుగు రోజుల తేడా ఒక కుటుంబం ఏ దేశానికి చెందుతుందో నిర్ణయించగలిగినది.

న్యాయస్థానంలో ఒక రోజు

గడువుల లెక్కకు దేశంలో ఒక సాధారణ సూత్రం ఉన్నది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదవ సెక్షన్ ప్రకారం, 'నుంచి' అన్న మాట వాడినప్పుడు మొదటి రోజును మినహాయించాలి. 'వరకు' అన్నప్పుడు చివరి రోజును కలుపుకోవాలి. చెల్లని చెక్కు కేసులలో ఈ సూత్రం ప్రాముఖ్యం సుప్రీంకోర్టు 1999 మార్చిలో తీర్పు ఇచ్చిన సాకేత్ ఇండియా కేసులో వెల్లడైంది. అందులో నోటీసు 1995 సెప్టెంబరు 29న అందింది. చెల్లింపునకు ఇచ్చిన 15 రోజులు అక్టోబరు 14తో ముగిశాయి. 15న ఫిర్యాదు హక్కు పుట్టింది. ఒక నెలలోగా వేయవలసిన ఫిర్యాదును నవంబరు 15న వేశారు. అక్టోబరు 15ను కలుపుకుంటే గడువు మించినట్లు, మినహాయిస్తే గడువులోనే ఉన్నట్లు. మినహాయించాలని న్యాయస్థానం తేల్చింది. ఆ తర్వాత తలెత్తిన భిన్నాభిప్రాయాలను పరిశీలించి, 2013 ఆగస్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే సరైన లెక్క అని ఖరారు చేసింది.

యానాంలో సెలవు, పక్కన పనిదినం

చివరి రోజు సెలవైతే ఏమిటన్నది మరో ప్రశ్న. న్యాయస్థానంలో గాని, కార్యాలయంలో గాని చేయవలసిన పనికి గడువు ముగిసే రోజు సెలవైతే తర్వాతి పనిదినాన చేయవచ్చని జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది. ప్రామిసరీ నోటు, హుండీ విషయంలో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఇందుకు భిన్నంగా, ముందటి పనిదినాన్నే గడువుగా చూస్తుంది. ఒక చట్టం ముందుకు నడుపుతుంది, మరొకటి వెనక్కు నడుపుతుంది.

సెలవుల జాబితా కూడా దేశమంతటా ఒకటి కాదు. నవంబరు 1, ఆగస్టు 16 పుదుచ్చేరిలో ప్రభుత్వ సెలవులు. ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం భౌగోళికంగా ఆంధ్రప్రదేశ్ నడుమ, గోదావరి తీరాన, కాకినాడకు చేరువలో ఉన్నది. అక్కడి తెలుగు ప్రజలకు ఆగస్టు 16 సెలవు దినం, సరిహద్దు దాటితే అదే తేదీ సాధారణ పనిదినం. పనిదినాలను మాత్రమే లెక్కించే ప్రోగ్రాముకు ఆదివారాలు తెలిస్తే చాలదు. ఏ ప్రాంతపు జాబితా చూడాలో కూడా తెలిసి ఉండాలి.

ఖాతాదారు చేయగలిగినది

నటేశన్ నగర్ కుటుంబం కోసం ఏ యంత్రమూ నిబంధనలను మార్చదు. అయితే ఆ నిబంధనలు తెలిసి ఉంటే సొమ్ము ఎక్కడ, ఎప్పుడు వేయాలో నిర్ణయించుకోవచ్చు. ప్రజా భవిష్య నిధికి 5వ తేదీలోగా, తపాలా ఖాతాకు 10వ తేదీలోగా జమ చేయడం మేలు. ఆ తేదీలు దాటితే నెలాఖరు వరకు బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంచి, మరుసటి నెల మొదట్లో మార్చుకోవచ్చు. తపాలా ఖాతా నుంచి తీసుకోవలసి వస్తే 30వ తేదీన కాక మరునాడు ఒకటో తేదీన తీసుకుంటే ఆ నెల వడ్డీ నిలుస్తుంది.

బ్యాంకు వేసిన వడ్డీని సరిచూసుకోవడానికి కంప్యూటర్ అవసరం లేదు. నిల్వ మారిన తేదీలను కాగితంపై వరుసగా రాసి, ఒక్కో నిల్వ ఎన్ని రోజులు ఉన్నదో పక్కన వేయాలి. ఆ రోజులన్నీ కూడితే నెలలో ఉన్న రోజుల సంఖ్యకు సరిపోవాలి. 30 రావలసిన చోట 29 గాని, 31 గాని వస్తే కొసలలో ఒకటి తప్పిందని అర్థం. రోజులు సరిపోయినా బ్యాంకు వేసిన మొత్తం తక్కువగా కనిపిస్తే, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు లెక్కించారో రాతపూర్వకంగా అడగవచ్చు.